మనమే మేస్త్రి నిలువు రంపం

మా పరుపుల కొట్టుకీ ఆయన వడ్రంగి షాపుకీ మధ్య ఒక్కటే గోడ. అది ఎంత పల్చటి గోడంటే, ఆయన అవతల మేకు కొడితే ఇవతల నా క్యాలెండరు ఊగేది. ఇక మాటల సంగతి చెప్పనక్కర్లేదు. దూది ఏకుతూ కూర్చుంటే చాలు, వాళ్ల సంసారం మొత్తం రేడియో నాటకంలా చెవిన పడేది. అందుకే ఆయన గురించి నేను చెప్పేదాంట్లో కల్పన చాలా తక్కువ. కల్పించాల్సిన అవసరం ఆయనెప్పుడూ నాకు కలగనివ్వలేదు.

ఆయనకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. వీధి వీధంతా ఆయన్ని 'మనమే మేస్త్రి' అనేది. బజార్లో ఏ కొత్త వస్తువు కనిపించినా ఆయన దాన్ని ఎగాదిగా చూసి, వేలితో రెండుసార్లు తట్టి, "దీన్లో ఏముందండీ, మనమే చేసేసుకోవచ్చు" అనేవాడు. ఈ 'మనమే'లో ఒక తిరకాసు ఉంది. పని మొదలెట్టేటప్పుడు అందులో అందరం ఉండేవాళ్లం. బాగా కుదిరితే ఆయన ఒక్కడే మిగిలేవాడు. చెడితే ఆయన తప్ప మిగతా అందరం మిగిలేవాళ్లం.

నీళ్ల ట్యాంకు నిండగానే మోగే గంట ఒకటి చేశాడు. అది ట్యాంకు ఖాళీ అయ్యాక మోగేది. నీళ్లు అయిపోయాయని తెలియడం కూడా ముఖ్యమే కదా అని, దాన్ని ముందునుంచీ అందుకే చేసినట్టు చెప్పాడు. ఒక మడత మంచం చేశాడు. అది పడుకున్నవాడితో సహా మడుచుకునేది. అలాగని పనిరానివాడు కాడు. ఉలి చేతిలో ఉన్నంతసేపూ ఆయన మంచి వడ్రంగి. తలుపు చేస్తే చప్పుడు లేకుండా మూసుకునేది, కుర్చీ చేస్తే నాలుగు కాళ్లూ నేలకి ఆనేవి. చిక్కంతా ఆ ఉలి పక్కన పెట్టి ఆలోచించడం మొదలెట్టినప్పుడే వచ్చేది.

ఆయన భార్యని చుట్టుపక్కల వడ్రంగులు 'పాలిష్ అక్క' అంటారు. ఆయన చేసిన వస్తువుకి గరుకు కాగితం పట్టి, నునుపు చేసి, రంగూ మెరుపూ తెచ్చేది ఆవిడే. తక్కువ మాట్లాడుతుంది. ఆ మాట్లాడేది కూడా పని చేసుకుంటూ, తల ఎత్తకుండా అంటుంది. అందువల్ల ఆ మాట తగలాల్సిన చోట తగిలిందో లేదో ఆవిడ ఎప్పుడూ చూసుకోలేదు. నేను మాత్రం గోడ ఇవతలనుంచి వినేవాణ్ణి. తప్పిపోయిన మాట ఒక్కటి కూడా లేదు.

మేస్త్రికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉన్నాడు. పాపం ఆ శత్రువుకి ఆ సంగతి తెలియదు. అతను ఆయన తోడల్లుడు, అంటే పాలిష్ అక్క వాళ్ల అక్కయ్య భర్త. అతనూ వడ్రంగే. రెండు వీధుల అవతల షాపు. అత్తగారు ఇద్దరల్లుళ్లనీ ఒకే కంటితో చూసేది. కాకపోతే ఆ కన్ను ఎప్పుడూ పెద్దల్లుడి వైపు తిరిగి ఉండేది.

ఆ తోడల్లుడు ఒకసారి ప్లైవుడ్ కోసే పెద్ద మిషను కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా చుట్టాలందరినీ చూడటానికి పిలిచాడు. వాళ్లింట్లో పరుపులు నేను వేసినవే గనక నన్నూ పిలిచాడు. గోడకి కొంచెం వెనక్కి వాలి నిలబడిన పెద్ద ఇనుప చట్రం అది. షీటుని నేల మీద పడుకోబెట్టే పని లేదు, దాని మీద నిలువుగా ఆనిస్తే చాలు. పైనుంచి కిందికి రెండు పట్టాలు, వాటి మీద జారే రంపం. పిడి పట్టుకుని కిందికి లాగితే షీటు రెండుగా విడిపోయింది. అదే పని మామూలుగా చెయ్యాలంటే ఒకరు మోకాలు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు వంగి కొయ్యాలి. సాయంత్రానికి నడుం ఉండదు, కోత తిన్నగా ఉండదు.

అత్తగారు ముందుకొచ్చి, కోసిన అంచు మీద వేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిపించింది. "అద్దంలా ఉంది నాయనా" అంది. అని, ఎందుకో మరి, చిన్నల్లుడి వైపు చూసింది. ఆ చూపులో ఏమీ లేదని ఆవిడ తర్వాత చాలాసార్లు చెప్పింది. కానీ మేస్త్రికి అందులో ఒక జీవితానికి సరిపడా కనిపించింది.

"దీన్లో ఏముందత్తయ్యా. ఓ చట్రం, రెండు గొట్టాలు, ఓ రంపం. మనమే చేసేసుకోవచ్చు."

"చేసుకోవచ్చు తమ్ముడూ, ఎందుకు చేసుకోలేం" అన్నాడు తోడల్లుడు, మనస్ఫూర్తిగానే.

కాదంటే మేస్త్రి అక్కడితో మర్చిపోయేవాడేమో. ఔననేసరికి ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

మర్నాటి నుంచి మా గోడ అవతల ఇనుము మోగడం మొదలైంది. మేస్త్రి బావమరిది వెల్డింగు షాపు నడుపుతాడు. అతనికి బావంటే పెద్ద అభిమానమేమీ లేదు గానీ అక్కంటే భయం. అందుకని పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. ఎవరిదో పాత గేటు విప్పి తెచ్చిన ఇనుముతో చట్రం తయారైంది. పట్టాలకి నీళ్ల పైపులు దొరికాయి. మూతపడ్డ పిండిమరలోంచి బేరింగులు వచ్చాయి. రంపం మాత్రం మేస్త్రి చేతి మిషనే. షాపులో ఉన్నది అదొక్కటే. దాన్ని విప్పి, పలకకి బిగించి, పట్టాల మీదికి ఎక్కించాడు. దాంతో రోజువారీ పని ఆగిపోయింది. ఎవరైనా వచ్చి మా అలమర ఏమైందని అడిగితే, షీటు కొయ్యడానికి మిషను లేదనేవాడు. మిషనేదని అడిగితే, మిషన్లో ఉందనేవాడు.

రంపం బరువుకి కిందికి జారిపోకుండా ఎదురు బరువు కావాల్సి వచ్చింది. గిలక మీంచి తీగ వేసి, దాని రెండో కొసకి ఏదైనా బరువు కట్టాలి. షాపంతా వెతికాడు. చివరికి ఇంట్లోంచి ఒక ఇత్తడి బిందె తెచ్చి, ఇసుక నింపి వేలాడదీశాడు. ఆ బిందె పాలిష్ అక్కకి వాళ్లమ్మ ఇచ్చింది. అక్క చూసింది. గరుకు కాగితం కొంచెం గట్టిగా రుద్దింది. అంతే.

చట్రం నిలబెట్టిన రోజు మాత్రం ఒక మాటంది. మూల నుంచి ఎదురు మూలకి టేపు పెట్టి చూడమంది. రెండు కొలతలూ ఒకటే వస్తే చట్రం సరిగ్గా ఉన్నట్టు, తేడా వస్తే ఓ పక్కకి ఒరిగినట్టు. ఏ వడ్రంగైనా పనిలో చేరగానే మొదట నేర్చుకునేది ఇదే. బావమరిది కూడా, ముందు టాకాలు వేసి వదిలేసి, కొలత చూసుకున్నాక గట్టిగా అతుకుదామని గొణిగాడు. మేస్త్రికి ఇద్దరూ కూడబలుక్కుని తనని అవమానిస్తున్నట్టు అనిపించింది.

"ఇన్నేళ్ల నుంచి చెక్క కోస్తున్నా. నా కంటికి మించిన మూలమట్టం ఇంకోటుందా? అతికెయ్, కదలకూడదు."

బావమరిది అతికేశాడు. నిజంగానే మళ్లీ కదల్లేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున మిషను చూడటానికి అందరూ రావాలని మేస్త్రి కబురు పంపాడు. టీ, బిస్కెట్లు పెట్టాడు. అత్తగారికి నా కొట్లోంచి మంచి కుర్చీ పట్టుకెళ్లి వేశాడు. తోడల్లుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మేస్త్రి షీటు ఎక్కించి, అందరినీ ఒకసారి చూసి, పిడి పట్టుకుని లాగాడు. రంపం ఆగకుండా, బిగుసుకోకుండా కింది దాకా వచ్చింది. షీటు రెండయింది. చప్పట్లు కొట్టాం. అబద్ధమెందుకు, నేను కూడా ఒక్క క్షణం ఆయన గెలిచాడనే అనుకున్నాను.

అప్పుడు తోడల్లుడు ఆ రెండు ముక్కలూ తీసుకున్నాడు. కోత ఎలా ఉందో చూడటానికి వడ్రంగులంతా చేసేదే అతనూ చేశాడు. రెండింటినీ నేల మీద నిలబెట్టి, ఒకదాన్ని వెనక వైపు ముందుకొచ్చేలా తిప్పి, కోసిన అంచులు రెండూ కలిపాడు. కింద అంటుకున్నాయి. పైన వేలు దూరేంత సందు కనిపించింది. అతను ఆ సందులోంచి అవతల ఉన్న కిటికీని కాసేపు చూశాడు. తర్వాత ముక్కల్ని మెల్లగా గోడకి చేరేసి, టీ చాలా బావుందన్నాడు.

టీ చేసింది నేను. చల్లారిపోయిన టీ అది.

మేస్త్రి ఆ సందుని చూశాడు. చూడగానే చేతిలో పిడి వదిలేశాడు. ఇసుక కొంచెం ఎక్కువే నింపాడు కాబోలు, బిందె బరువుకి రంపం ఎగిరి పైన కొట్టుకుంది, తీగ గిలకలోంచి జారింది, బిందె వచ్చి అత్తగారి కుర్చీకి జానెడు దూరంలో పడింది. పెద్ద చప్పుడైంది. ఇసుకంతా ఆవిడ పాదాల మీదికి వచ్చింది. ఆవిడ కంగారు పడలేదు. వంగి, సొట్టపడ్డ బిందెని తిప్పి చూసింది.

"ఇది మా పిల్లకి నేనిచ్చిన బిందె కదూ?" అని అడిగింది.

బిస్కెట్లు తినడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఇంకొకరైతే ఆ సాయంత్రమే టేపు తీసేవారు. మేస్త్రి మాత్రం నెపాలు వెతికాడు. షీటే వంకర అన్నాడు. ఇంకో షీటు తెచ్చాక, నేల పల్లంగా ఉందన్నాడు. నేల మీద నీళ్లు పోసి చూపిస్తే, ఎండకి ఇనుము సాగిందన్నాడు. వానొచ్చాక ఆ మాట మానేసి, అసలు మూలమట్టమే అరిగిపోయిందని తేల్చాడు. తన మిషను కోసినదాన్నిబట్టి మూలమట్టాన్ని సరిచెయ్యాలని కూడా ఆయనకి తోచినట్టుంది. రాయి మీద దాన్ని రుద్దుతున్న చప్పుడు నేను విన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. మూడు వీధుల అవతల కళ్లద్దాల షాపాయన గోడ అలమరలు చేయమని ముందే చెప్పి ఉంచాడు. మేస్త్రి వాటిని ఆ మిషను మీదే కోశాడు. పాలిష్ అక్క వద్దంది. తర్వాత మెరుపు మాత్రం ఎప్పట్లాగే తెచ్చింది. అలమరలు చూడటానికి ఎంత బాగా మెరిసేవో! అవి నిలబడ్డ తీరు మాత్రం, ఎవరో పక్కనుంచి పిలిస్తే చెవి ఒగ్గి వింటున్నట్టుండేది. అరల్లో కళ్లజోళ్లు పెడితే చాలు, ఒక్కొక్కటే జారి, అన్నీ ఓ మూలకి చేరి, ఏదో రహస్యం మాట్లాడుకుంటున్నట్టు గుమిగూడేవి.

కళ్లద్దాల షాపాయన మొదట తన కళ్లనే అనుమానించాడు. అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. అప్పుడు మేస్త్రి, మీ గోడ వంకరండీ అన్నాడు. ఆయన నెమ్మదస్తుడు. ఏమీ అనకుండా తాపీ మేస్త్రిని పిలిపించి, దారానికి గుండు కట్టి గోడ వెంట వేలాడదీయించాడు. గోడ నిలువుగా ఉంది. ఆ మధ్యాహ్నమే అలమరలన్నీ ఒక బండి మీదికెక్కించి వెనక్కి పంపేశాడు. బండి వెనకే తనూ వచ్చి, మేస్త్రిని పలకరించకుండా, పాలిష్ అక్క దగ్గర నిలబడ్డాడు.

"నేను జనానికి చూపు సరిచేసేవాణ్ణమ్మా. నాకే చూపు లేదంటాడేంటి మీ ఆయన?"

బండి వచ్చిన దారిలోనే తోడల్లుడి షాపుంది. బండి అటుగా వస్తుంటే తోడల్లుడు గుమ్మంలోనే ఉన్నాడు. అలమరల్ని చూశాడు. చూసి, ఏదో వెతుక్కుంటున్నట్టు లోపలికి తిరిగి, బండి దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఈ సంగతి బండివాడు వచ్చి చెప్పాడు. నవ్వి ఉంటే మేస్త్రి ఓ వారం తిట్టుకుని బతికేసేవాడు. ఆ తిప్పుకున్న వీపే ఆయన్ని ఎక్కువ పొడిచింది.

ఆ రోజు గోడ అవతల గరుకు కాగితాలు సర్దుతున్న చప్పుడైంది. తర్వాత పాలిష్ అక్క గొంతు వినిపించింది. రేపట్నుంచి బావగారి షాపుకి పాలిష్ పనికి వెళ్తున్నానంది.

"అక్కడికెందుకు?" అన్నాడాయన.

"అక్కడ పాలిష్ పెట్టడానికి అలమరలు తిన్నగా నిలబడి ఉంటాయి."

మర్నాడు ఆవిడ నిజంగానే వెళ్లింది. మేస్త్రి నా కొట్టు గుమ్మంలోకి వచ్చి, నేనేమీ అడక్కుండానే, ఆవిణ్ణి తనే పంపానని చెప్పాడు. వాళ్ల పనితనం ఎలా ఉందో చూసి రమ్మన్నాడట. నేను సరేనన్నాను. ఆయన ఇంకాసేపు నిలబడి, దూది వైపు చూసి వెళ్లిపోయాడు. ఆ కొన్నాళ్లూ అవతల గోడకి మేకు కొట్టిన చప్పుడే లేదు. నా క్యాలెండరు ఊగడం మర్చిపోయింది.

అప్పుడొక విచిత్రం మొదలైంది. పాలిష్ అక్క రోజూ అన్నం డబ్బా ఇంట్లోనే మర్చిపోయి పనికి వెళ్లడం, మధ్యాహ్నం మేస్త్రి దాన్ని పట్టుకుని తోడల్లుడి షాపుకి బయల్దేరడం. ఆవిడ మతిమరుపు మనిషి కాదు. డబ్బా ఆయనే దాచేవాడని బావమరిది తర్వాత కనిపెట్టాడు. ఒకసారి బియ్యం డబ్బాలో, ఒకసారి చొక్కాల కింద. ఆవిడకి మొదటి రోజే తెలిసిందట. వెతికినట్టు నటించి వెళ్లిపోయేదట.

డబ్బా ఇచ్చేసిన వాడు ఇచ్చేసి రావాలి కదా, ఆయన రాడు. తోడల్లుడి షాపులో మిషను చుట్టూ తిరిగేవాడు. ఎండ బావుందనేవాడు. పక్కనుంచి చూసేవాడు, వెనక నుంచి చూసేవాడు. మిషనులో అసలు సంగతంతా కిందుంది. కిందికి చూడాలంటే వంగాలి. వంగితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని చెప్పు వారు సరిచేసుకుంటున్నట్టు కూర్చునేవాడు. రోజూ అదే చెప్పు, రోజూ అక్కడే ఊడేది. షాపులో పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. తోడల్లుడు మాత్రం చూడనట్టే పని చేసుకునేవాడు.

చివరికి ఒకనాడు అతనే లేచి వచ్చాడు. మేస్త్రి మిషను కింద తల దూర్చి ఉన్నాడు.

"తమ్ముడూ, ఆ కింద చీకటి. ఉండు, లైటు పట్టుకుంటా."

మేస్త్రి తల బయటికి తియ్యలేదు. తీస్తే మొహం చూపించాలి. అలాగే ఉండిపోయాడు. తోడల్లుడు దీపం తెచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని పట్టుకున్నాడు. అలా ఇద్దరల్లుళ్లూ ఒకే మిషను కింద తలలు పెట్టుకుని కూర్చోవడం అత్తగారు చూసి ఉంటే ఆవిడ కంటికి కొంత పని తగ్గేది.

అప్పుడు చూశాడు మేస్త్రి. ఆ చట్రంలో పట్టాలు అతికి లేవు, బోల్టులతో బిగించి ఉన్నాయి. బోల్టుల కోసం వేసిన చిల్లులు గుండ్రంగా కాక కోలగా ఉన్నాయి. బోల్టు వదులు చేస్తే పట్టా అటూ ఇటూ కాస్త జరుగుతుంది. జరిపి, కొలిచి, మళ్లీ బిగించుకోవచ్చు.

"ఇది కూడా తెచ్చినప్పుడు వంకరగానే కోసింది" అన్నాడు తోడల్లుడు. "బిగించడానికి వచ్చినతను పూటంతా కూర్చుని సరిచేశాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంది. మళ్లీ దిద్దుకుంటా."

"నాది అలా తప్పదు" అన్నాడు మేస్త్రి, మిషను కింది నుంచే.

నిజమే. ఆయనది మొదటి నుంచీ ఒకే తప్పు మీద గట్టిగా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం నేను కొట్టు కట్టేస్తుంటే నన్ను పిలిచాడు. షాపు తలుపు సగం దించి ఉంది. చేతిలో టేపు. ఊరికే, సరదాగా, ఈ కొస పట్టుకోమన్నాడు. మూల నుంచి మూలకి టేపు పెట్టాలంటే రెండో మనిషి కావాలి మరి. పట్టుకున్నాను. ఇటు మూల నుంచి ఒకసారి, అటు మూల నుంచి ఒకసారి కొలిచాడు. రెండు కొలతల మధ్య నా బొటనవేలి వెడల్పంత తేడా వచ్చింది. ఆయన టేపుని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"టేపు సాగిందేమో" అన్నాడు.

"ఇనప టేపు సాగదు మేస్త్రీ."

టేపు చుట్టేశాడు. ఇంకోసారి కొలుద్దామా అని కూడా అనలేదు. నన్ను వెళ్లమన్నాడు.

తెల్లవారాక బావమరిది వచ్చాడు. అతికినవన్నీ కోసెయ్యమని బావ చెబితే అతనికి మొదట అర్థం కాలేదట. అర్థమయ్యాక, ఈ మాట అప్పుడే చెప్పాను కదా అనబోయి, బావ మొహం చూసి ఊరుకున్నాడట. నిప్పురవ్వలు మా గుమ్మం దాకా ఎగిరాయి. పరుపులు తగలబడతాయేమోనని నేను నీళ్ల బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. కోల చిల్లులు వేశారు, బోల్టులు బిగించారు. ఆ తర్వాత మేస్త్రి బావమరిదిని పంపించేసి, ఒక్కడే కోయడం, తిప్పి చూడటం, బోల్టు వదులు చేసి కాస్త జరపడం, మళ్లీ కోయడం. చిన్న చిన్న ముక్కలు కుప్పపడ్డాయి. వాటి మధ్య ఆయన తిండి మర్చిపోయి తిరుగుతున్నాడు.

ఎప్పుడో చప్పుడు ఆగింది. చాలాసేపు అలాగే ఉంటే నాకు భయమేసి వెళ్లి చూశాను. ఆయన చెక్కల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రెండు ముక్కలు, ఒకటి తిప్పి, అంచులు కలిపి నిలబెట్టి ఉన్నాయి. కింద నుంచి పైదాకా వెలుగు దూరే సందు లేదు. జుట్టు, కనుబొమలు, మీసం అన్నీ రంపపు పొట్టుతో తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి చేత్తో ఆ ముక్కల్ని చూపించాడు. ఎప్పుడూ ఆయన్ని చూడగానే నాకు నవ్వొచ్చేది. ఆ ఒక్కసారి రాలేదు.

కళ్లద్దాల షాపుకి మేస్త్రి అలమరలు మళ్లీ చేశాడు. షాపాయన అరలో ఒక గుండ్రటి అద్దాన్ని అంచు మీద నిలబెట్టి, చేతులు కట్టుకుని చూశాడు. అది దొర్లలేదు. అప్పుడుగానీ మేస్త్రితో మాట్లాడలేదు.

పాలిష్ అక్కని తీసుకురావడానికి మేస్త్రి స్వయంగా వెళ్లాడు. ఈసారి డబ్బా లేదు. షాపులో అందరి ముందూ, మన షాపులో పని చాలా పేరుకుపోయిందన్నాడు. అంతకంటే దిగడం ఆయన వల్ల కాలేదు. ఆవిడ చేతిలో పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, తిరిగి రావడానికి మూడు మాటలు చెప్పింది. బిందె కిందికి దించాలి. కొలత ఇద్దరూ చూశాకే షీటు ఎక్కించాలి. కొలత వంకరంటే వంకరే, దానికి నెపం చెప్పకూడదు. ఆయన బిందె ఒక్కటే విన్నట్టు తలూపాడు. మిగతా రెండూ కూడా విన్నాడని తర్వాత తేలింది.

బిందె స్థానంలో ఇనుప కడ్డీల కట్ట వచ్చింది. మిషను తిన్నగా కోస్తోందని తెలిసి చిన్న చిన్న వడ్రంగులు షీట్లు మోసుకుని రావడం మొదలెట్టారు. తోడల్లుడు కూడా తనకి పని ఎక్కువైనప్పుడు ఇటు పంపేవాడు. కోసేది పాలిష్ అక్క. ఆవిడ చెయ్యి వణకదు, తొందరపడదు. వచ్చినవాళ్లు అక్క ఉందా అని అడిగి మరీ షీటు దించేవాళ్లు. మేస్త్రి రెండో కొస పట్టుకునేవాడు. పట్టుకుని, మిషను చరిత్ర చెప్పేవాడు. అందులో బండి లేదు, దీపం లేదు, చెప్పు వారు లేదు. కోల చిల్లుల దగ్గరికి వచ్చేసరికి, ఇప్పుడు కంపెనీలవాళ్లు కూడా ఇలాగే పెడుతున్నారండీ అనేవాడు, వాళ్లంతా వచ్చి ఈయన దగ్గర చూసి వెళ్లినట్టు. తోడల్లుడి చెవిన ఈ మాట పడింది. మంచి ఆలోచన ఎవరికైనా వస్తుందన్నాడట.

మొన్నామధ్య ఎక్కడినుంచో ఒక వడ్రంగి ఈ మిషను చూడటానికి వచ్చాడు. తనూ ఒకటి చేసుకుందామనుకుంటున్నాడట. మేస్త్రికి పండగే. కుర్చీ వేశాడు, నా చేత టీ చెప్పించాడు. ఏ ఇనుము వాడాలి, చట్రం ఎంత వాలాలి, బేరింగులు ఎక్కడ వెతకాలి, తీగ ఎంత లావుండాలి, అన్నీ వేళ్ల మీద చెప్పాడు. అతను అడక్కపోయినా రెండుసార్లు చెప్పాడు. చిల్లుల మాట మాత్రం ఎత్తలేదు. అతను వంగి చూడబోతే, అక్కడంతా పొట్టు ఉందని పక్కకి జరిపాడు. పట్టాలెలా బిగించాలని అడిగితే, "అతికెయ్యడమే, కదలకూడదు" అన్నాడు.

అతను దండం పెట్టి వెళ్లాడు. పాలిష్ అక్క రంపం ఆపింది. చేతికున్న పొట్టు కొంగుతో దులుపుకుని, మొగుడి వైపు చూడకుండా వీధిలోకి నడిచింది. మలుపు దగ్గర అతన్ని ఆపడం నాకు గుమ్మంలోంచి కనిపించింది. చూపుడు వేళ్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, కోల చిల్లులో బోల్టు జరిగినట్టు అటూ ఇటూ జరిపి చూపిస్తోంది. అతను తలూపుతున్నాడు. మేస్త్రి కూడా అది చూశాడు. పిలవలేదు, అడ్డం వెళ్లలేదు. ఆవిడ వచ్చేలోపు ఎక్కించాల్సిన షీటుని ఒక్కడే ఎత్తబోయి, బలం చాలక, ఈ కొస కాస్త పట్టుకోమని నన్ను కేకేశాడు.